డాక్టర్‌గారి ఎర్రబండి ఎందుకు తన్నింది

1986లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నాకు ట్రాన్స్‌మిషన్ షాపు ఉండేది. రెండు లిఫ్టులు, ఒక చిన్న ఆఫీసు గది, ఆ గదిలో నా మాట ఎప్పుడూ వినని ఒక హీటరు. ట్రాన్స్‌మిషన్ అంటే ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఉండి గేర్లు మార్చే భాగం. ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో గేరు మార్చడమంటే డ్రైవరు కాలూ చెయ్యీ కలిసి చేసే పని. ఇక్కడి ఆటోమేటిక్ కార్లలో ఆ పనంతా లోపల తిరిగే నూనె చేస్తుంది. నూనెకి ఎంత ఒత్తిడి ఉంటే గేరు అంత గట్టిగా పట్టుకుంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది నేను చెబుతాను.

నేను కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఇక్కడికొచ్చి ఒక పంపుల కంపెనీలో డ్రాయింగులు గీశాను. ఆ కంపెనీ మూతపడ్డాక ఒక ట్రాన్స్‌మిషన్ షాపులో చేరి, చేతులు నల్లబడ్డాక తెలిసింది నాకు నచ్చిన పని ఇదేనని. తెలుగువాళ్ళ పార్టీల్లో ఇది కొందరికి మింగుడుపడేది కాదు. "ఇంజనీరింగ్ చదివి మెకానిక్కా?" అనేవాళ్ళు. వాళ్ళే బండి మొరాయిస్తే ఆదివారం పొద్దున్నే మా ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు. నాకు నవ్వొచ్చేదే కానీ కోపం వచ్చేది కాదు. నాకు కోపం తెప్పించేవాళ్ళు వేరే ఉన్నారు. బండిని నడిపి చూడకుండానే విప్పి పెట్టేసే మెకానిక్కులను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఆ ఏడాది మే నెలలో ఒక మంగళవారం, షాపు ముందు ఎర్రటి కన్వర్టిబుల్ ఒకటి వచ్చి ఆగింది. కన్వర్టిబుల్ అంటే టాపు వెనక్కి మడిచేసే కారు. 1965 మోడల్. కంపెనీ పేరు చెప్పను, జరిగినదాంట్లో వాళ్ళ తప్పు వీసమెత్తు లేదు. అందులోంచి డాక్టర్ సత్యమూర్తిగారు దిగారు. ఆయన ఆస్పత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. మనిషి పొట్టి, బండి బారెడు. సీటు మీద దిండు వేసుకుంటేగానీ ఆయనకి రోడ్డు కనబడదు.

"ఏమైంది డాక్టర్‌గారూ?" అన్నాను.

"తంతోందండీ."

"ఏది?"

"బండేనండీ! సెకండ్ నుంచి థర్డ్ పడేటప్పుడు వెనకనుంచి గాడిద తన్నినట్టు తంతోంది. మొన్న ఆదివారం తలో వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి వెళ్తుంటే మా కామేశ్వరి ఒళ్ళోని పులిహోర గిన్నె ఎగిరి డ్యాష్‌బోర్డ్ మీద పడింది. రేడియో స్పీకర్ సందుల్లోంచి ఇంకా శనగపప్పు రాలుతూనే ఉంది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆవిడ ఒకటే మాట అంది రావుగారూ. ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి అంది. కొన్నప్పట్నుంచీ దీన్ని సవతి అనే పిలుస్తుంది లెండి. సరేనని పేపర్లో యాడ్ వేశాను. పెన్సిల్వేనియా నుంచి ఒకాయన శనివారం పదకొండింటికి ఇంటికొస్తానన్నాడు. ఫోన్లో మాట తీరు చూస్తే, తీసుకుపోయేలాగే ఉన్నాడు."

"అమ్మేసే బండిని నా దగ్గరికి ఎందుకు తెచ్చారు మరి?"

ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, దుమ్ము లేకపోయినా తుడిచారు. "శనివారం లోపల మీరు బాగు చేసేస్తే అమ్మాల్సిన పని లేదు కదా అని చిన్న ఆశ" అన్నారు. ఇంకో షాపులో అప్పటికే చూపించారట. వాళ్ళు నడిపి చూడకుండానే, ట్రాన్స్‌మిషన్ మొత్తం కిందికి దింపి రీబిల్డ్ చెయ్యాలి, అంటే విప్పి లోపలివన్నీ మార్చి మళ్ళీ బిగించాలి, వారాలు పడుతుంది అన్నారట. అది వినగానే నా ఒళ్ళు ఎప్పటిలాగే మండింది. శనివారం లోపల తేల్చేస్తానని మాట ఇచ్చేశాను. బండి ఏమిటో చూడకుండా మాట ఇచ్చేశారేమిటండీ అని రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అడిగిందనుకోండి, అది వేరే సంగతి.

మా షాపులో నాకో పద్ధతి ఉండేది. ఏ బండి వచ్చినా ముందు బానెట్ తెరవను. సీట్ల మధ్య ఒక చిన్న చెక్కపలక పెట్టి, దాని మీద మా ఇంట్లోంచి తెచ్చిన స్టీలు గ్లాసుని నిండా నీళ్ళతో పెడతాను. గేరు మెత్తగా పడితే నీళ్ళు వణుకుతాయి, అంతే. గట్టిగా పడితే ఒలుకుతాయి. ఎప్పుడు ఒలికాయి, ఎంత స్పీడులో, కాలు ఎక్కడుంది, ఇవి చూసుకుంటాను. నా దగ్గర పనిచేసే ఎడ్డీ అరవయ్యేళ్ళ మనిషి, ఎన్నో షాపులు చూసినవాడు. వాడు మొదట్లో ఈ గ్లాసుని చూసి తల బాదుకునేవాడు. తరవాత తనే కడిగి తుడిచి పెట్టేవాడు.

ముందు నేను నడిపాను. ఓక్ ట్రీ రోడ్డు మీద ఐసెలిన్ దాకా వెళ్ళి వచ్చాం. ఒక్క చుక్క ఒలకలేదు. డాక్టర్‌గారి మొహం మాడిపోయింది. పళ్ళ డాక్టరు గుమ్మం దగ్గరికి రాగానే నొప్పి మాయమైన రోగిలా ఉన్నారు.

"నేను అబద్ధం చెప్పలేదండీ!" అన్నారు.

"మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

ఆయన దిండు సర్దుకుని కూర్చున్నారు. ఎర్రలైటు పచ్చ అవగానే గ్యాసు పెడలు, అంటే యాక్సిలరేటరు, గట్టిగా తొక్కారు, ముందు బండి కనబడగానే కాలు తీసేశారు. అంతే, ధన్‌మని ఒక్క తన్ను! గ్లాసు పలక మీద నుంచి లేచి నా ప్యాంటు మీద పడింది. ఆ వయసులో తడిసిన ప్యాంటుతో బండి దిగాల్సి వచ్చినా నాకు మహా సంతోషంగా ఉంది. కనబడే జబ్బైతే నయం చెయ్యొచ్చు. నేను నెమ్మదిగా నడిపితే మెత్తగా పడుతోంది. ఆయనలా తొక్కి వదిలితే తంతోంది. ఆ తేడా నాకు గట్టి ఆధారం.

తిరిగి వస్తుంటే, ఇంత పాత బండి మీద అంత మోజెందుకని అడిగాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పారు. 1969లో ఆయన ఇంటర్న్‌గా కొత్తగా చేరిన చలికాలం. కారు లేదు, బస్సు రాలేదు. మంచులో ఆస్పత్రికి నడుచుకుంటూ పోతుంటే, ఇలాంటి ఎర్రబండే పక్కన ఆగిందట. ముసలి సర్జన్ ఒకాయన తలుపు తీసి, ఎక్కమన్నాడట.

"హీటర్ గాలి కాళ్ళకి తగిలింది రావుగారూ. అప్పటిదాకా రోజూ వెనక్కి వెళ్ళిపోదామనే అనుకునేవాణ్ణి. ఈ దేశంలో ఉండగలనని ఆ సీట్లో కూర్చున్నాకే అనిపించింది. ఇన్నేళ్ళకి అలాంటిది దొరికింది, కొనుక్కున్నాను. పిల్లల్ని చదివించాను, ఇల్లు కట్టుకున్నాను, నాకోసం కొనుక్కున్నది ఇదొక్కటే."

ఈ మాట విన్నాక ఆ పెన్సిల్వేనియా ఆసామి మీద, మొహం కూడా చూడకుండానే నాకు మంట పుట్టింది.

"కొన్నప్పుడు ఎలా ఉండేది?" అని అడిగాను.

"వెన్నలా ఉండేది. చలికాలం వెళ్ళాక మొదలైంది ఈ తన్నుడు."

"ఈ మధ్యలో బానెట్ ఎవరైనా తెరిచారా?"

"నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. మా ఆవిడైతే దీని దగ్గరికే రాదు" అన్నారు. నేను ఆ మాట నమ్మి, ఆ ప్రశ్నని అక్కడితో వదిలేశాను.

బుధవారం పని మొదలుపెట్టాం. ముందు నూనె చూశాను. ఎర్రగా, శుభ్రంగా ఉంది, మాడిన వాసన లేదు. లోపల గేర్లను పట్టుకునే క్లచ్ పలకలు అరిగి కాలిపోతే నూనె నల్లబడి, అడుగంటిన పప్పు వాసన వస్తుంది. అది లేదంటే ట్రాన్స్‌మిషన్ లోపల ఆరోగ్యంగానే ఉందని లెక్క. అడుగున ఉండే పళ్ళెం కూడా విప్పి చూశాం. ఇనుప రజను లేదు. ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మలు గట్టిగా ఉన్నాయి, చక్రాలకి పోయే కడ్డీ కీళ్ళలో వదులు లేదు. ఇన్ని చూసినా దొంగ దొరకలేదు.

ఇలాంటి పాత ట్రాన్స్‌మిషన్లకి మాడ్యులేటర్ అని ఒకటి ఉంటుంది. చిన్న టిఫిన్ డబ్బా మూతంత రేకు డబ్బా, లోపల పల్చటి పొర. ఇంజను నడుస్తున్నప్పుడు గాలిని లోపలికి పీలుస్తుంది కదా, ఆ పీల్పునే వాక్యూమ్ అంటాం. గ్యాసు మీద కాలు తేలిగ్గా ఉంటే ఆ పీల్పు ఎక్కువ, గట్టిగా తొక్కితే తక్కువ. ఇంజను నుంచి ఒక గొట్టం ఈ పీల్పుని మాడ్యులేటర్‌కి తీసుకొస్తుంది. దాన్ని బట్టి ట్రాన్స్‌మిషన్ నూనె ఒత్తిడి పెంచుతుంది, తగ్గిస్తుంది. పీల్పు అందకపోతే, పాపం, దానికి బండి కొండెక్కుతోందనే అనిపిస్తుంది. ఒత్తిడి పెంచేసి గేరుని బలంగా కొడుతుంది.

గొట్టం రెండు చివర్లూ చూశాను. అసలు అక్కడ స్టీలు గొట్టం ఉండాలి. అది తుప్పు పట్టిందేమో, పాత ఓనరు దాని బదులు పొడుగాటి రబ్బరు గొట్టం వేసి, ఇంజను వెనక నుంచి కిందికి దింపాడు. చివర్లలో పగుళ్ళు లేవు. మాడ్యులేటర్ దగ్గర పీల్పుని కొలిచే గేజ్ తగిలించి ఇంజను స్టార్ట్ చేస్తే పీల్పు నిండుగా చూపించింది. అయినా ఎందుకైనా మంచిదని కొత్త మాడ్యులేటర్ వేశాను. గురువారం డాక్టర్‌గారు లంచ్ టైములో ఆస్పత్రి నుంచి వచ్చి నడిపారు. ధన్! గ్లాసు ఈసారి ఎడ్డీ ఒళ్ళో పడింది.

డాక్టర్‌గారు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.  "సరే లెండి రావుగారూ, రాసిపెట్టి లేదు" అని కారు తాళాలు నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ముసలి సర్జన్ తలుపు తీసి ఎక్కమన్న బండి లాంటి ఈ బండిని ఎల్లుండి ఎవరో తోలుకుపోతారు, నేను చూస్తూ ఊరుకోవాలి!

శుక్రవారం పొద్దున కాఫీ తాగుతుంటే ఎడ్డీ అన్నాడు. "రావ్, మనం టెస్టులన్నీ నిలబెట్టిన బండికే చేస్తున్నాం. అది నిలబడి తన్నడం లేదుగా!"

నేను కప్పు కింద పెట్టేశాను. నిజమే. నడిపి చూడనివాళ్ళ మీద అంతెత్తున లేచేవాణ్ణి, గేజ్ పెట్టింది మాత్రం నిలబెట్టిన బండికి. రెండు గేజులు తెచ్చాం. ఒకటి ఇంజను దగ్గర నేరుగా తగిలించాం, రెండోది గొట్టం చివర మాడ్యులేటర్ దగ్గర. రెండిటికీ పొడుగు పైపులు వేసి, కార్లోకి తెచ్చి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడ్డీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"డాక్టర్‌గారిలా తొక్కు" అన్నాను.

"దిండు వేసుకోనా?" అన్నాడు వాడు.

తొక్కాడు, వదిలాడు. ఇంజను దగ్గరి గేజ్ ముల్లు టక్కున లేచింది. రెండోది లేవలేదు. బద్ధకంగా, పెళ్ళి భోజనం చేసినవాడు పీట మీంచి లేచినట్టు లేచింది. అది పూర్తిగా లేచేలోపే గేరు పడింది, ధన్‌మంది. నాకు ఎక్కడలేని ఆనందం వచ్చేసింది. "దొరికింది! దొరికింది!" అని తెలుగులోనే అరిచాను. ఎడ్డీకి అర్థమైపోయింది. రెండు గేజులకీ మధ్య ఉన్నది ఆ గొట్టమే. ఎక్కడో దాని లోపలి సందు నొక్కుకుపోయింది, పీల్పు నిదానంగా వస్తోంది. ఆగి ఉన్న బండిలో ఆలస్యమైనా చివరికి నిండుతుంది కాబట్టి గేజ్ నిండుగానే చూపించింది. నేను నెమ్మదిగా నడిపినప్పుడు తన్నకపోవడానికీ కారణం అదే.

షాపుకి వచ్చి, ఇంజను చల్లారాక, గొట్టం పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ వెనక్కి వెళ్ళాను. ఇంజనుకీ డ్రైవరు ముందుండే గోడకీ మధ్య చెయ్యి పట్టీపట్టని సందు. కంటికి కనబడదు. అక్కడ వేళ్ళకి ముందు తీగ తగిలింది. తీగ కింద ఏదో గట్టిగా, గుండ్రంగా, ముడతలు పడి. ఇంకా ఏవో పెళుసుగా విరిగాయి. గొట్టం ఊడదీసి వెలుతురులోకి తెచ్చాను.

ఎండిపోయి వక్కలా నల్లబడిన నిమ్మకాయ, దాని కింద గుచ్చిన మిరపకాయలు! ఫోటోలు గోడకి తగిలించే సన్నటి తీగతో గొట్టానికి బిగించి, ఊడిపోకుండా మెలితిప్పారు. ఇంజను వేడికి రబ్బరు మెత్తబడి, తీగ అందులోకి దిగిపోయింది.

ఎడ్డీ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇదేం పార్టు? ఏ మోడల్‌కి వస్తుంది?"

"మా మోడల్‌కి వస్తుంది" అన్నాను. దిష్టి అంటే ఏమిటో వాడికి చెప్పాను. పదిమంది కళ్ళు పడితే చెడు జరుగుతుందని మావాళ్ళ భయం, అది తగలకుండా ఇది కడతారు అని. వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. వాళ్ళ అమ్మ పిల్లల పక్కబట్టల కింద రక్షగా ఏదో దేవుడి పతకం కుట్టేదట.

ఎవరు కట్టారో నాకు అనుమానమే లేదు. డాక్టర్‌గారికి దిష్టి అన్న మాట వినబడితే చాలు, అరగంట లెక్చరు. ఆయన కట్టరు. దగ్గరికే రాదన్న మనిషే కట్టి ఉండాలి. ఇంటికి ఫోన్ చేశాను. కామేశ్వరిగారే తీశారు.

"ఆయన ఆస్పత్రిలో ఉన్నారన్నయ్యగారూ. ఏమైంది, బండి బాగవదా?"

పీడా పోయిందన్న సంతోషం ఆ గొంతులో ఉంటుందనుకున్నాను. దిగులు వినబడింది.

"బాగైందమ్మా. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇంజను వెనకాల నిమ్మకాయ మీరు కట్టారా?"



"అంత లోపలికి కట్టానే, ఎలా కనబడింది మీకు?"

గొట్టం నొక్కుకుపోయిన సంగతంతా చెప్పాను. "అయ్యో రామా! నా పులిహోర నేనే ఒలకబోసుకున్నానా!" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. వెంటనే ఆవిడ గొంతు తగ్గించి, "ఆయనకి చెప్పకండి అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది" అన్నారు.

ఇక్కడ నాకు ఇరకాటం వచ్చింది. మా షాపులో తీసేసిన ప్రతి పార్టునీ అట్టపెట్టెలో పెట్టి ఓనరుకి ఇచ్చేస్తాం. ఏం మార్చామో వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసుకోవాలి, అది నా నియమం. ఎవరికోసమూ తప్పలేదు. "పెట్టె ఇవ్వాల్సిందేనమ్మా. నాకు నేనుగా ఏమీ చెప్పను. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను" అన్నాను. ఆవిడ "సరే, పెట్టండి" అని ఫోన్ పెట్టేశారు.

పాత రబ్బరు తీసేసి, అక్కడ ఉండాల్సిన స్టీలు గొట్టం వంచి బిగించాం. పాత గొట్టాన్నీ మాడ్యులేటర్‌నీ పెట్టెలో పెట్టాను. నిమ్మకాయని తీగతో సహా కాగితంలో పొట్లం కట్టి, ఆ పక్కనే పెట్టాను.

శనివారం తొమ్మిదింటికి ఇద్దరూ వచ్చారు. కామేశ్వరిగారు పచ్చటి నేత చీర మీద స్వెటర్ వేసుకుని, డాక్టర్‌గారి కంటే జానెడు పొడుగ్గా ఉన్నారు. నేను గ్లాసు నింపి పలక మీద పెట్టబోతుంటే, "ఇలా ఇవ్వండి" అని తీసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. గ్లాసు చేత్తో పట్టుకున్నారు. నేను వెనక సీట్లో ఎక్కాను.

డాక్టర్‌గారు లైటు దగ్గర ఆగారు. పచ్చ పడింది, తొక్కారు, వదిలారు. నేను ఊపిరి బిగబట్టాను. ఏమీ లేదు. గేరు పడిందా లేదా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన మళ్ళీ తొక్కారు, మళ్ళీ వదిలారు. మూడోసారి కావాలని ఇంకా గట్టిగా తొక్కారు. గ్లాసులో నీళ్ళు సన్నగా వణికి ఊరుకున్నాయి. కామేశ్వరిగారు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగేసి, ఖాళీ గ్లాసు నాకు అందించారు.

"రావుగారూ!" అన్నారు డాక్టర్‌గారు.

షాపు ముందు దిగాక ఆయన గడియారం చూసుకున్నారు. మొహం మళ్ళీ వాడిపోయింది. "పదకొండింటికి ఆయన వచ్చేస్తాడు. అంత దూరం నుంచి వస్తున్నాడు, మాట ఇచ్చాను. ఇప్పుడెలా?"

"రాడు లెండి" అన్నారు కామేశ్వరిగారు.

"ఎందుకు రాడు?"

"నిన్న సాయంత్రం నేను ఫోన్ చేసి చెప్పాను. బండి అమ్మడం లేదన్నాను."

డాక్టర్‌గారు ఆవిడ వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ ఆవిడ వైపు చూశారు. "నీకు ఈ బండంటే ఇష్టం లేదు కదా!"

ఆవిడ అట్టపెట్టెలోంచి పొట్లం తీసి, విప్పి, ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మెల్లగా అర్థమైనట్టుంది.

"ఇదేనా తన్నింది?"

"అదే. నేనే కట్టాను. కొన్న మొదటి శుక్రవారం, మీరు నిద్రపోతుంటే. బంపర్‌కి కడితే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో, మీరేం లెక్చర్ ఇస్తారో అని లోపలెక్కడో నల్లగొట్టం కనబడితే దానికి కట్టాను. మళ్ళీ మార్చడానికి వీలు చిక్కలేదు. మిరపకాయలు కూడా సరైనవి దొరకలేదు, సూపర్‌మార్కెట్లో ఆ లావువే ఉన్నాయి."

"కామేశ్వరీ, ఇరవయ్యేళ్ళ నుంచీ చెబుతున్నాను నీకు. బండికి దిష్టేమిటి?"

"బండికి ఎవరు కట్టారండీ?" అన్నారు ఆవిడ. "అందులో నడుముకి తప్ప బెల్టు లేదు. ఆస్పత్రి నుంచి కాల్ వస్తే చాలు, ఇంకో కారున్నా దాన్నే తీసుకుపోతారు. వద్దంటే మీకు కష్టం, ఊరుకుంటే నాకు భయం. నేనేం చెయ్యను? నేను కట్టింది బండికి కాదు, దాన్ని నడిపే మనిషికి."

ఎడ్డీకి తెలుగు రాదు. అయినా లిఫ్టు దగ్గర ఏదో పనున్నట్టు అటు తిరిగాడు. నాకూ ఎటు చూడాలో తెలియలేదు. డాక్టర్‌గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని, "అంటే ఇన్నాళ్ళూ నన్ను తన్నింది నువ్వేనన్నమాట" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశారు. నాకు మనసు నిండిపోయింది.

ఆయన ఆ నిమ్మకాయని మళ్ళీ పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నారు. "రావుగారూ, కొత్తది కట్టుకోవడానికి చోటు చూపించండి. గొట్టాలు లేని చోట" అన్నారు. రేడియేటర్ ముందు ఉక్కు పట్టీకి చిన్న చిల్లు పెట్టి ఒక కొక్కెం బిగించాను. అక్కడికి గాలి ఆడుతుంది, వేడి తగలదు, ఏ గొట్టానికీ అడ్డం రాదు. ఆయన నడుముకీ భుజానికీ కలిపి పట్టుకునే బెల్టులు కూడా వేయించమన్నారు. అది మాత్రం కామేశ్వరిగారి లెక్చరు.

ఆ బండి నాకు రెండు విషయాలు నేర్పింది. కదిలేటప్పుడు వచ్చే జబ్బుని కదిలేటప్పుడే కొలవాలి. ఇది షాపులో కుర్రాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. రెండోది, బానెట్ ఎవరు తెరిచారన్న ప్రశ్న నడిపేవాళ్ళని ఒక్కళ్ళనే అడిగితే చాలదు. వాళ్ళ కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్ళని కూడా అడగాలి. షాపు మూసే దాకా, తెలుగువాళ్ళ బండి ఏది వచ్చినా, వాళ్ళు అడగకపోయినా రేడియేటర్ ముందు ఒక కొక్కెం బిగించి పంపేవాణ్ణి. అదెందుకని మగవాళ్ళు అడిగేవాళ్ళు. ఆడవాళ్ళు ఒక్కళ్ళు కూడా అడగలేదు.